మా బావగారు చేసిన ఇంజను

మొన్న మాఘమాసంలో కొత్తపేటలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. కల్యాణమండపం మెట్ల దగ్గర ఒక తెల్ల అంబాసిడర్ కారు నిలబెట్టి ఉంది. వధూవరులు ఫొటోలు తీయించుకోవడానికి రాజమండ్రి నుంచి అద్దెకు తెప్పించారట. బానెట్ మీద బంతిపూల దండలు, అద్దాల మీద మావిడాకులు, వెనకసీట్లో ఎవరో వదిలేసిన మజ్జిగ గ్లాసు. మా వయసు మగవాళ్ళం నలుగురం దాని చుట్టూ చేరి, తలుపు తీసి వేసి, ఆ బరువైన చప్పుడు విని, ఎంతో అర్థమైనట్టు తలలాడించాం. అంతలో మా చుట్టాల్లో ఒకాయన, పక్కనే ఉన్న మా బావగారి వైపు తిరిగి, "ఏమండోయ్, దీని రింగులు కూడా ఓసారి చూసిపెడతారేంటి?" అన్నాడు. "ఆయ్, అదెంత భాగ్యమండీ! తప్పకుండా చూసిపెడతాను. కాకపోతే ఆనక వాడపల్లి దాకా తోసుకెళ్ళడానికి తమరే రావాలి" అన్నారు బావగారు. అందరూ గొల్లుమన్నారు. ఆయన అక్కడితో ఆపలేదు. వెనకటికి వాళ్ళ మావగారి అంబాసిడర్ కాలవగట్టు మీద ఎలా దగ్గిందో, ఎలా ఆగిపోయిందో, మావగారు వెనకసీట్లోంచి ఎలా చూశారో నోటితోనూ చేతులతోనూ చేసి చూపించారు. ఆ కథ మా కుటుంబంలో ప్రతి శుభకార్యంలోనూ చెప్పుకునేదే. అందరికన్నా బాగా చెప్పేది ఆయనే.

నేను భోజనానికి కూర్చున్నాను గాని మజ్జిగ దాకా ఉండకుండానే లేచిపోయాను. ఆ కథలో ఒక్క మాట అబద్ధం, ఆ మాట నాది. బావగారు చేసిన ఇంజనులో ఏ లోపమూ లేదు. రింగులు సరిగ్గానే ఉన్నాయి. ఈ సంగతి చాలా ఏళ్ళుగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. టీవీ పెడతాను, కట్టేస్తాను. బయటికి వెళ్ళి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వస్తాను. అందుకని ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ కథలోని కారు మా పెదనాన్నది, అంటే మా నాన్నగారి అన్నయ్యది. కొత్తపేటకి కాస్త ఇవతల మా ఊళ్ళో, కొబ్బరితోట మొదట్లో ఉన్న పెంకుటింటి పక్కన రేకుల షెడ్డులో ఉండేది. పెదనాన్న కొబ్బరి వ్యాపారి. ఆ కారులో ఆయన తిరగని లంక లేదు. ముక్తేశ్వరం రేవులో పంటు అనే బల్లకట్టు పడవ ఎక్కించి అవతల కోటిపల్లికి దాటించేటప్పుడు, అందరూ కిందకి దిగినా ఆయన మాత్రం డ్రైవరు సీట్లోనే కూర్చునేవారు. బండి గోదావరిలో పడితే తనూ దాంతోపాటే పడాలన్నది ఆయన నియమం. "బండి పోయేక గట్టు మీద నిలబడి నేను ఏం చూడాలంట?" అనేవారు. ఆయనకి ఇంకొక అలవాటు ఉండేది. వెళ్ళే పని ఉన్నా లేకపోయినా, పొద్దున లేచి మొహం కడుక్కోగానే షెడ్డులోకి వెళ్ళి కారు స్టార్ట్ చేసేవారు. కాసేపు ఆ చప్పుడు విని, ఆపి, అప్పుడు వచ్చి కాఫీ తాగేవారు. మా వీధిలో చాలామంది పొయ్యి వెలిగించడానికి అదే గుర్తు. ఎప్పుడైనా ఆ చప్పుడు వినపడకపోతే ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి, "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అని అడిగేవారు. పెదనాన్న ఒంట్లోనా, బండి ఒంట్లోనా అన్నది వాళ్ళూ తేల్చి చెప్పేవారు కాదు.

ఇక బావగారు. పెదనాన్న కూతురు, నాకు అక్క. ఆమె భర్త ఆయన. మస్కట్‌లో చాలాకాలం వ్యాన్లూ జనరేటర్లూ బాగుచేసి తిరిగొచ్చి, అమలాపురంలో సొంతంగా ఒక మెకానిక్ షెడ్డు పెట్టాలని అక్కడే ఇల్లు తీసుకున్నారు. ఆయన వినయంగా ఉండే మనిషి అని ఎవరూ అనరు. ఏ బండి చప్పుడు విన్నా చెవి రిక్కించి, దాని రోగం అడగకుండానే చెప్పేవారు. ఒకసారి పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో, అమ్మాయి తండ్రి స్కూటరు వాల్వుల గురించి ఆయన ఎంతసేపు మాట్లాడారంటే, అసలు వెళ్ళిన పని మర్చిపోయి అందరం లేచి వచ్చేశాం. ఆ సంబంధం కుదిరింది, అది వేరే సంగతి. కాని ఆయన ప్రగల్భాల వెనక పని ఉండేది. అమలాపురానికి ఆయన కొత్త. ఊళ్ళో పేరున్న షెడ్లు చాలా ఉన్నాయి. "మస్కట్‌లో చేసేరేమో గాని ఇక్కడ ఏం చేసేరు?" అని అడిగేవాళ్ళకి చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అది గ్రహించి పెదనాన్నే, అప్పటికి కొన్నాళ్ళుగా పొగ కక్కుతూ మూలపడ్డ అంబాసిడర్‌ని అల్లుడి చేతికి ఇచ్చారు. "ఇది నడిస్తే నీ షెడ్డు నడుస్తుంది" అన్నారు. ఆ మాట వీధి అంతా విన్నది.

ఇంజను పనంతా పెదనాన్న పెరట్లోనే, నలుగురూ చూస్తుండగా జరిగింది. విడిభాగాలు మా దొడ్డమ్మ, అంటే పెదనాన్న భార్య, పాత పట్టుచీరలు పెట్టుకునే పెట్టెమూత మీద వరసగా పేర్చి ఉండేవి. అరిగిన సిలిండర్లు లోపల తొలిపించి, అంటే బోరు చేయించి, కొత్త పిస్టన్లు, వాటికి కొత్త రింగులు వేశారు. పిస్టను చుట్టూ ఉండే ఆ ఉక్కు రింగులే కింది ఆయిలు పైకి రాకుండా ఆపుతాయి. అవి సరిగ్గా కూర్చోకపోతే ఆయిలు పైకి పోయి మండుతుంది, బండి పొగ కక్కుతుంది. వాటిని వేసే రోజు బావగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం చూసి మా అక్క జ్వరం వచ్చిందేమోనని నుదురు ముట్టుకుంది. అంతా బిగించాక, మొట్టమొదట స్టార్ట్ చేయడానికి ఆయన దొడ్డమ్మని పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. "మీ చేత్తోనే కానివ్వండి అత్తయ్యగారూ" అన్నారు. ఎదుట ఉన్న చోక్ పిడి చూపించి, చల్లగా ఉన్న ఇంజనుకి పెట్రోలు కాస్త ఎక్కువ అందాలని, అందుకు దాన్ని పూర్తిగా బయటికి లాగాలని చెప్పారు. దొడ్డమ్మ రెండు చేతులతో లాగి, కళ్ళు మూసుకుని తాళం తిప్పింది. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ సందడిలో బావగారే పక్కనుంచి చెయ్యి పెట్టి చోక్ లోపలికి తోసేశారు. దొడ్డమ్మ అది చూడలేదు, కళ్ళు తుడుచుకుంటోంది. ఆ వారంలోనే ముగ్గురు తమ జీపులు, కార్లు బావగారికే ఇస్తామని మాట చెప్పారు. అమలాపురంలో షెడ్డుకి స్థలం కూడా మాట్లాడుకున్నారు.

ఆ వానాకాలమే పెదనాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. మంచం ముందుగదిలో కిటికీ పక్కన వేశారు, కిటికీలోంచి షెడ్డు కనపడుతుంది. దొడ్డమ్మ, ఆయన్ని ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి ఆయన కారులోనే తీసుకెళ్తానని మొక్కుకుంది. నడపడానికి బావగారు అమలాపురం నుంచి శనివారం పొద్దునే వచ్చేవారు. నేను రాజమండ్రి నుంచి వచ్చేవాణ్ణి. పెదనాన్నని ఎత్తి కూర్చోబెట్టడానికి మరో మనిషి కావాలి కదా.

మొదటి శనివారం అంతా బాగానే జరిగింది. రెండో శనివారం మధ్యలో కాస్త దగ్గింది. మూడో శనివారం, కాలవ నీళ్ళు ఆపి వదిలే లొల్ల లాకుల దగ్గరికి వచ్చేసరికి ఇంజను కుంటడం మొదలుపెట్టి, రెండు పెద్ద కుదుపులిచ్చి ఆగిపోయింది. వాడపల్లి వెళ్ళే శనివారం రద్దీ మీకు తెలిసే ఉంటుంది. వెనక ఆటోలు, బస్సులు, కాలినడకన వచ్చేవాళ్ళు. అందరూ ఆగి చూసేవాళ్ళే. బావగారు కాలవగట్టు మీద తువ్వాలు పరిచి, స్పార్క్ ప్లగ్గులు నాలుగూ పానాతో విప్పారు. నాలుగూ నల్లగా, మసి పట్టి ఉన్నాయి. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగిస్తే బండి కదిలింది. విచిత్రమేమిటంటే తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడా ఆగలేదు. నాలుగో శనివారం మళ్ళీ అదే వరస. వెళ్ళేటప్పుడు ఆగడం, ప్లగ్గులు తుడవడం, వచ్చేటప్పుడు హాయిగా పరుగెత్తడం. "స్వామి దర్శనమయ్యేక బండికి కూడా బాగుంటోందండి" అని దొడ్డమ్మ మురిసిపోయింది. ఆ మాటకి మేం నవ్వాం. నవ్వకుండా ఆలోచించి ఉంటే రోగం అక్కడే దొరికేది.

ఎందుకంటే ప్లగ్గు నల్లబడడంలో రెండు రకాలు ఉన్నాయి. రింగులు సరిగ్గా లేక ఆయిలు పైకి వస్తే ప్లగ్గు మీద పేరుకునేది జిడ్డుగా, తడిగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. వెనక వచ్చే పొగ నీలంగా ఉంటుంది. పెట్రోలు ఎక్కువై సరిగ్గా మండకపోతే పేరుకునేది పొడి మసి. అచ్చం ప్రమిద మీద పళ్ళెం బోర్లించి పట్టిన కాటుకలా ఉంటుంది, పొగ నల్లగా వస్తుంది. పైగా రింగులే కారణమైతే వచ్చేటప్పుడు కూడా బండి ఇబ్బంది పెట్టాలి, ఆయిలు ఒక్క వెళ్ళేటప్పుడే పైకి రాదు కదా. ఇవన్నీ నాకు తెలియనివి కావు. ప్రమాదాల్లో దెబ్బతిన్న వాహనాలు చూసి, ఏ భాగం దేనివల్ల పోయిందో బీమా కంపెనీలకి చెప్పే సర్వేయరు ఉద్యోగం నాది. మా చుట్టాల్లో బండి కొనాలన్నా అమ్మాలన్నా నా మాట అడుగుతారు.

నాలుగో శనివారం నాటికి బావగారి మొహంలో కళ తగ్గింది. ఆ వారంలో కార్బురేటర్ విప్పి చూశారు, కాయిల్ మార్చారు, ప్లగ్గుల సందు కొలిచారు. "బండిని ఎవరైనా తీస్తున్నారా అత్తయ్యగారూ?" అని అడిగారు. "లేదు నాయనా, మీరు పెట్టిన చోటునుంచి కదలలేదు" అంది దొడ్డమ్మ. అది నిజమే. ఐదో శనివారం బండి మళ్ళీ లాకుల దగ్గరే ఆగింది. అప్పటికి అక్కడి టీ కొట్టువాడికి కూడా మేం పరిచయమైపోయాం. వీధిలోవాళ్ళు, చుట్టాలు, బండి ఇస్తామన్న ముగ్గురిలో ఒకాయన కూడా ఆ రోజు దర్శనానికి వచ్చి అక్కడే ఉన్నారు. ఆయన నన్ను చూసి, "మీరు సర్వేయరు కదండీ, మీరు చెప్పండి. ఏంటంటారు?" అన్నాడు. బావగారు విప్పిన ప్లగ్గు ఒకటి తువ్వాలు మీద ఉంది. దాని మీద తడి మెరుస్తోంది. అది ఇంజను ఆగిపోయాక మండకుండా మిగిలిన పెట్రోలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోయేది. నేను వంగలేదు. నలుగురూ నా నోటికేసి చూస్తుంటే ఊరుకోవడం చేతకాక, "రింగులు సరిగ్గా కూర్చోలేదేమోనండి" అన్నాను. అంతే. బావగారు తల ఎత్తి ఒకసారి నావైపు చూసి, మళ్ళీ ప్లగ్గు రుద్దుకోవడం మొదలుపెట్టారు. నా మాట మాకన్నా ముందే కొత్తపేట చేరింది, సోమవారానికల్లా అమలాపురం చేరింది.

ఆ తర్వాతి వారం ఏదో సెలవు కలిసొచ్చి శుక్రవారం రాత్రికే ఊరు వెళ్ళాను. శనివారం పొద్దున పెరట్లో నూతి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. దొడ్డమ్మ కొంగు దోపుకుని షెడ్డులోకి వెళ్ళింది. కారు తలుపు తీసి, ఒక కాలు బయటే ఉంచి సీట్లో కూర్చుంది. చోక్ పిడి రెండు చేతులతో, పీచు లాగినట్టు, మొత్తం బయటికి లాగింది. తాళం తిప్పింది. ఇంజను ఉలిక్కిపడి లేచి, గుడగుడమంటూ నల్లటి పొగ వదలడం మొదలుపెట్టింది. ఆమె దేన్నీ ముట్టుకోకుండా కిటికీకేసి చూస్తూ కూర్చుంది. కిటికీలోంచి పెదనాన్న కుడిచెయ్యి కొంచెం పైకి లేచింది. చాలు అన్నట్టు. దొడ్డమ్మ తాళం వెనక్కి తిప్పి, ఇంజను ఆగాక అప్పుడు పిడి లోపలికి తోసి, దిగి, తలుపు వేసి వచ్చేసింది. ఇంజను నడిచినంతసేపూ చోక్ పిడి బయటికే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు దొడ్డమ్మా ఇది?" అన్నాను. నా నోట్లో ఇంకా పళ్ళపొడి ఉంది.

"మీ పెదనాన్న మంచాన పడ్డ దగ్గర్నుంచీనూ. పొద్దున ఓసారి, దీపాలు పెట్టేక ఓసారి. ఈ చప్పుడు వినపడితే గాని ఆయన గొంతులో కాఫీ దిగదురా."

"బావగారికి తెలుసా?"

"చెప్పడానికేముంది? బండేమీ కదలట్లేదు కదా. పాపం అల్లుడుగారు నేర్పినట్టే చేస్తున్నాను."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. రోజుకి రెండుసార్లు, చల్లటి ఇంజనుకి చోక్ పూర్తిగా లాగి పెట్రోలు గుమ్మరించడం, అది వేడెక్కేలోపే ఆపేయడం. ప్లగ్గు బాగా వేడెక్కితే దాని మీది మసి దానంతట అదే కాలిపోతుంది. ఆ అవకాశమే దానికి దొరకలేదు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా మసి పొర మీద పొర పడుతుంది. శనివారం ఆ మసిని మోసుకుంటూ బండి లాకుల దాకా ఎలాగో వస్తుంది, అక్కడ ఊపిరాడక ఆగిపోతుంది. బావగారు ప్లగ్గులు తుడిచాక, వచ్చేటప్పుడు ఎందుకు ఆగుతుంది? ఈ చప్పుడు మా వీధి అంతటికీ రోజూ వినపడుతూనే ఉంది. ఎవరికీ చెప్పాలనిపించలేదు. పెదనాన్న కారు పొద్దునే మోగడం వాళ్ళకి కొత్త సంగతి కాదు మరి.

నేను అప్పుడు చేసింది చేశాను. బావగారు వచ్చేలోపే కొత్తపేట వెళ్ళి కొత్త ప్లగ్గులు తెచ్చి మార్చాను. "దొడ్డమ్మా, బండి అందుకోగానే ఈ పిడి లోపలికి తోసెయ్యి. చేత్తో బానెట్ ముట్టుకుంటే వేడి తగిలేదాకా నడవనియ్యి, పెదనాన్న ఇంకాసేపు వింటారు" అని మాత్రం చెప్పాను. "అలాగే" అంది, ఎందుకని అడగలేదు. ఆ శనివారం బండి లాకులు దాటింది. టీ కొట్టువాడు లేచి నిలబడి చెయ్యి ఊపాడు. వాడపల్లిలో బళ్ళు ఆపేచోట కారు నిలబెట్టి బావగారు దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. వెనకసీట్లో పెదనాన్న, ఆయన పక్కన ఒళ్ళో కొబ్బరికాయల బుట్టతో దొడ్డమ్మ. "ఏం చేసేవు బావా?" అని అడిగారు నన్ను.

చెప్పాల్సిన మాట నా నాలిక మీదే ఉంది. దొడ్డమ్మ కిటికీలోంచి మా ఇద్దర్నీ చూస్తోంది. తన చేత్తోనే మొక్కుకి అడ్డం పడ్డానని, అల్లుడి పరువు తీశానని తెలిస్తే ఆమె ఏమవుతుందో అనుకున్నాను. "పెద్దగా ఏం లేదండి. ప్లగ్గులు మార్చి, ఆయిలు కాస్త చిక్కటిది పోశాను" అన్నాను. ఆయిలు నేను పోయలేదు. రింగులు వదులైన ఇంజనుకి చిక్కటి ఆయిలు పోసి రోజులు నెట్టుకొస్తారని ఏ మెకానిక్‌కైనా తెలుసు. "అయితే రింగులే" అన్నారు బావగారు. నేను "ఊఁ" అన్నాను.

దొడ్డమ్మ కోసమే అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. వారం క్రితం పదిమందిలో రింగులన్నవాణ్ణి, ఇప్పుడు కాదనడం నాకు తలవంపు. మిగతా సగం అది. పైగా ఇంకొకటి కూడా ఉంది, ఇక్కడ దాచి ఏం లాభం? "అల్లుడుగారి చేతిలో పాడైంది, సర్వేయరుగారి చెయ్యి పడగానే బాగుపడింది" అని వీధిలో అనుకుంటుంటే నాకు బాగుండేది.

ఏడో శనివారం కూడా మొక్కు నిర్విఘ్నంగా పూర్తయింది. బావగారు ఇంజను మళ్ళీ విప్పి రింగులు చూస్తానన్నారు. పెదనాన్న ముద్దమాటలతోనే వద్దన్నారు, నడుస్తున్న బండిని ముట్టుకోవద్దన్నారు. ఆ మరుసటేడు ఆయన పోయాక కారు ఎవరో పాత బళ్ళ వ్యాపారి పట్టుకుపోయాడు. కాబట్టి ఆ రింగుల్ని మళ్ళీ కళ్ళతో చూసినవాళ్ళు లేరు. బండి ఇస్తామన్న ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వేరే షెడ్లకి వెళ్ళారు. మర్యాదస్తులు, ఎవరూ కారణం చెప్పలేదు. అమలాపురం స్థలం బావగారు వదిలేసుకున్నారు. ఐ.పోలవరంలో తెలిసినవాళ్ళ రొయ్యల చెరువుల దగ్గర, నీళ్ళలో గాలి ఆడించే చక్రాల మోటార్లు చూసుకోవడానికి కుదిరారు. కరెంటు మోటార్లు. "వీటికి రింగులుండవు బావా, హాయి" అనేవారు నవ్వుతూ. నేనూ నవ్వేవాణ్ణి.

దొడ్డమ్మ నిరుడు పోయింది. కాపాడవలసిన మనిషి ఇంక లేదు. అయినా పెళ్ళిలో ఆయన అభినయం చూసేదాకా నాకు కదలిక రాలేదు.

పెళ్ళయిన వారానికి ఐ.పోలవరం వెళ్ళాను. చెరువుల గట్టు మలుపు దాటి ముందుకు పోయాను, వెనక్కి తిప్పి మళ్ళీ దాటిపోయాను. చివరికి బావగారే దూరంనుంచి చూసి చెయ్యి ఊపారు. మోటారు ఒకటి విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను నిలబడే, మొత్తం ఒక్క బిగిన చెప్పేశాను. ముందు ఆయన నవ్వారు.

"పెళ్ళిలో నన్ను చూసి జాలేసిందేంటి? ఇప్పుడెందుకోయ్ ఈ కథలు?"

"కథ కాదండి. దొడ్డమ్మ రోజూ చోక్ లాగి స్టార్ట్ చేసేది. నా కళ్ళతో చూశాను."

ఆయన చేతిలో పానా ఆగింది. "నువ్వు మార్చినప్పుడు తీసిన ప్లగ్గులు, నాలుగూ ఒకేలా ఉన్నాయా?"

"నాలుగూ."

"పొడా, తడా?"

"పొడే. కాటుక."

"మరి ఆయిలు?"

"పోయలేదు. అబద్ధం చెప్పాను. దొడ్డమ్మ మీదకి వస్తుందని..."

"అత్తయ్యగారి మీదకి ఎందుకొస్తుంది బావా?" అన్నారాయన. గొంతు పెద్దది చేయలేదు. "నాతో ఒక్క ముక్క చెవిలో వేస్తే, చోక్ తీగ కింద నుంచి ఊడదీసేసేవాణ్ణి. మన ఎండలకి చోక్ లేకపోయినా అంబాసిడర్ అందుకుంటుంది. ఆవిడ పిడి లాక్కునేవారు, బండి మోగేది, మావగారు వినేవారు. ఆవిడకి తెలిసేదే కాదు."

 ఇన్నేళ్ళు నేను దాచుకున్న ఒకే ఒక్క సాకు, ఆయన చేతిలో ఒక తీగ ముక్కతో తెగిపోయింది. చెరువులో చక్రాలు తిరుగుతున్నాయి, నీళ్ళు ఎగిరి పడుతున్నాయి.

"అప్పట్నుంచి నేను ఒక్క ఇంజను విప్పలేదు, తెలుసా నీకు?" అన్నారు. "విప్పమని అడిగినవాళ్ళు ఉన్నారు. నాకే చెయ్యి ఆడేది కాదు. నా చేతిలో ఏదో పోయిందనుకున్నాను. అందుకే ముందే నవ్వేసుకునేవాణ్ణి, ఇంకెవరూ నవ్వకముందు." లేచి చేతులు తుడుచుకున్నారు. టీ తాగుతావా అని అడగలేదు. ఆయన నన్ను ఆ మాట అడగకపోవడం అదే మొదటిసారి. "నాకు చెప్పేవు సరే. ఆ పెళ్ళిలో నవ్వినవాళ్ళందరికీ చెప్పు. ఇంక వెళ్ళు."

మర్నాడు పొద్దున ఫోను మోగింది. బావగారే. పలకరింపు లేదు. "మూడో సిలిండరు ప్లగ్గు మిగతావాటికన్నా ఎక్కువ నల్లగా ఉందా?" అని అడిగారు. గుర్తు లేదన్నాను. పెట్టేశారు. రెండు రోజులాగి మళ్ళీ. "అత్తయ్యగారు స్టార్ట్ చేసినప్పుడు పొగ నలుపేనా, అందులో నీలం ఏమైనా ఉందా?" నలుపే, ఖచ్చితంగా నలుపే అన్నాను. "సరే" అన్నారు. ఇప్పుడది మామూలైపోయింది. ఏ పనిలో ఉన్నా ఆయన పేరు ఫోను మీద కనపడగానే నేను లేచి నిలబడతాను. అన్నం దగ్గర కూడా వేలితో కంచం పక్కన ఇంజను బొమ్మ గీస్తున్నారని అక్క చెప్పింది. నన్ను తిట్టాలని ఆమెకీ ఉంది, మొదలుపెట్టి ఆపేస్తోంది. నేను చుట్టాలందరికీ ఒక్కొక్కరికీ చెబుతున్నాను. కొందరు "ఇంకా ఆ బండి గొడవేంటండి, ఎప్పటిదో" అంటున్నారు. కొందరికి పాత కథే నచ్చింది, అది నవ్విస్తుంది కదా.

నిన్న చేసిన ఫోనులో ఆయన నన్నేమీ అడగలేదు. "తిరిగొచ్చేటప్పుడు బాగానే నడిచేది కదా బావా. ప్రతి వారమూ నడిచేది. అది నా కళ్ళకి ఎందుకు ఆనలేదు?" అన్నారు. తప్పు నాదని చెప్పబోయాను. నా మాట ఆయన వినడం లేదు. తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు, ఏ శనివారం ఏమైందో మొదటినుంచి చెప్పుకుంటూ పోయారు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటూ నిలబడ్డాను. అదంతా ఎప్పుడో గడిచిపోయిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, గడిచింది నాకొక్కడికే.